వానలు పడకముందే చూసుకోవాల్సినవి: ప్రోస్టేట్ మాత్ర వాడేవారికి జలుబు మాత్రతో వచ్చే ముప్పు

చెన్నైలో అక్టోబరు మూడో వారానికల్లా ఈశాన్య రుతుపవనాలు వచ్చేస్తాయి. ఇక డిసెంబరు దాకా ముసురు, చలిగాలి, మధ్యలో తుపాన్లు. ప్రోస్టేట్ పెరిగి మాత్రలు వాడుతున్నవాళ్ళకు ఈ మూడు నెలలూ కాస్త కష్టమే. చెమట పట్టదు కాబట్టి మూత్రానికి ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. అది ఇబ్బందే కానీ ప్రమాదం కాదు. అసలు ప్రమాదం జలుబుకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రతో వస్తుంది.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. అది పెరిగితే నాళం ఇరుకవుతుంది. టామ్సులోసిన్, సిలోడోసిన్, ఆల్ఫుజోసిన్ అనే ఆల్ఫా బ్లాకర్లు గ్రంథిని చిన్నది చేయవు. గ్రంథిలోనూ మూత్రాశయం మెడ దగ్గరా ఉన్న కండరాన్ని వదులు చేస్తాయి, అంతే. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. ముక్కులో రక్తనాళాలను బిగించి దిబ్బడ తగ్గించే మందే మూత్రాశయం మెడనూ బిగిస్తుంది. అదే మాత్రలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయం గోడ కండరాల బలాన్ని తగ్గిస్తుంది. దారి బిగుసుకుపోయి, తోసే బలమూ తగ్గితే మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు.

ఇందులో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఆల్ఫా బ్లాకర్ వల్లే ముక్కు దిబ్బడ వేస్తుంది. ఈ మాత్రలకు బాగా తెలిసిన దుష్ప్రభావాల్లో అదొకటి. మాత్ర మొదలుపెట్టాక ముక్కు మూసుకుపోతే, బయట వాన పడుతుంటే, ఎవరైనా జలుబే అనుకుంటారు. జలుబు మాత్ర వేసుకుంటారు. ముక్కు కాస్త తెరుచుకుంటుంది, మూత్రం సన్నబడుతుంది. అప్పుడు ప్రోస్టేట్ మాత్ర పనిచేయడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్తారు, జలుబు మాత్ర సంగతి చెప్పరు. అందుకని ముందు తేడా గమనించండి. జ్వరం, గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, చిక్కటి చీమిడి ఉంటే జలుబు. అవేవీ లేకుండా రోజూ ముక్కు ఒక్కటే మూసుకుంటుంటే, అది మాత్ర మొదలుపెట్టిన వారాల్లోనే వచ్చి ఉంటే, మందును అనుమానించండి. డాక్టరుకు చెబితే మందు మార్చవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

నిజంగా జలుబే చేస్తే జ్వరానికీ నొప్పులకూ ఉత్త పారాసిటమాల్ చాలు. స్ట్రిప్పు వెనక పారాసిటమాల్ ఒక్కటే పేరు ఉండాలి. రెండు మూడు పేర్లుంటే వద్దనండి. ముక్కుకు ఆవిరి, ఉప్పునీటి చుక్కలు. గొంతుకు ఉప్పు కలిపిన వేడినీళ్ళ పుక్కిలింత, మిరియాల చారు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ ఉన్న ముక్కు చుక్కలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు, అవి కూడా నాళాలను బిగించే మందులే. దగ్గు సిరప్పుల్లో క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, కోడీన్ ఉన్నవి పక్కన పెట్టండి. ఆయాసానికి ఇప్రాట్రోపియం, టియోట్రోపియం ఇన్‌హేలర్లు వాడేవారు వాటిని ఆపకూడదు కానీ, మూత్రం ధార తగ్గితే వెంటనే చెప్పాలి.

మెడికల్ షాపులో తమిళంలో "సళిక్కు మాత్తిరై" (జలుబుకు మాత్ర) అని అడిగితే చాలాచోట్ల మూడు మందులు కలిసిన మాత్రే చేతిలో పెడతారు. మందు అడగకముందే "ప్రాస్టేట్ మాత్తిరై సాప్పిడరేన్" (ప్రోస్టేట్ మాత్ర వాడుతున్నాను) అని ఒక్క మాట చెప్పండి. అబ్బాయో మనవడో షాపుకు వెళ్తుంటే వాడుతున్న స్ట్రిప్పును ఫోన్‌లో ఫొటో తీసి పంపండి.

వానాకాలంలో జలుబుతో పాటు వచ్చే మిగతా వాటికీ ఇదే జాగ్రత్త కావాలి. కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్, హయోసిన్ కూడా మూత్రాశయాన్ని మందగింపజేస్తాయి. తడిబట్టల వల్ల గజ్జల్లో తామర వస్తే చర్మం డాక్టర్లు తరచూ ఇట్రాకోనజోల్ వారాల తరబడి రాస్తారు. ఇది కాలేయంలో ఆల్ఫా బ్లాకర్లు విచ్ఛిన్నం కాకుండా అడ్డుపడుతుంది, రక్తంలో మందు పేరుకుని బీపీ పడిపోతుంది. సిలోడోసిన్, ఆల్ఫుజోసిన్‌లతో దీన్ని కలపకూడదు, టామ్సులోసిన్‌తోనూ వాడవద్దనే సలహా ఉంది. ఛాతీ ఇన్ఫెక్షన్‌కు వాడే క్లారిత్రోమైసిన్‌దీ ఇదే తీరు. చర్మం డాక్టరుకు ప్రోస్టేట్ సంగతి ఎందుకు అని ఊరుకోకండి. ఈ ఒక్క చోట చెప్పకపోతే నష్టం జరగవచ్చు.

ఇక తల తిరగడం. ఆల్ఫా బ్లాకర్లు రక్తనాళాలనూ వదులు చేస్తాయి కాబట్టి పడుకుని లేచినప్పుడు బీపీ ఒక్కసారిగా తగ్గి కళ్ళు బైర్లు కమ్ముతాయి. మొదటి వారం, మోతాదు పెంచినప్పుడు, కొన్ని రోజులు మానేసి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఇది ఎక్కువ. పాత మందులైన టెరాజోసిన్, ప్రజోసిన్, డాక్సాజోసిన్‌లతో ఇంకా ఎక్కువ. ప్రజోసిన్‌ను బీపీకి కూడా రాస్తారు. గుండె డాక్టరు ప్రజోసిన్, యూరాలజిస్టు టామ్సులోసిన్ రాస్తే ఒకే జాతి మందులు రెండు పడుతున్నట్టు. చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. విరేచనాలో జ్వరమో వచ్చి ఒంట్లో నీరు తగ్గిన రోజు, మద్యం తాగిన రోజు కూడా బీపీ బాగా పడుతుంది.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఈ పరీక్ష సులువు. ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి చూడండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మళ్ళీ మూడు నిమిషాలకు చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకు ఆ అంకెలు చూపించాలి. నిలబడితే తల తిరిగేవారు పక్కన ఒకరు లేకుండా ఈ పరీక్ష చేసుకోవద్దు.

రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చోండి. నిలబడి కాకుండా కూర్చుని మూత్రం పోసుకోండి. తుపాను రోజుల్లో కరెంటు పోతుంది, బాత్రూము ముందు నేల తడిగా ఉంటుంది. దిండు పక్కన టార్చి, గుమ్మం దగ్గర జారని పట్టా ముందే పెట్టుకోండి. తల తిరిగితే పట్టుకోవడానికి గోడ వెతకడం కంటే అక్కడే కూర్చోవడం మేలు.

మాత్ర వేసుకునే వేళకు భోజనంతో లంకె ఉంది. టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు రోజూ ఒకే భోజనం తర్వాత, అరగంటకు వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఒక్కసారిగా రక్తంలోకి చేరి తల తిరుగుతుంది. ఆల్ఫుజోసిన్ 10 మిల్లీగ్రాములు అందుకు భిన్నం, ఖాళీ కడుపున దాదాపు సగమే ఒంటికి పడుతుంది, కాబట్టి ఇదీ భోజనం తర్వాతే. సిలోడోసిన్ కూడా అన్నంతోనే. కార్తీకమాసం ఈ వానల్లోనే వస్తుంది. సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి రాత్రి భోజనం చేసేవారు ఆ నెలంతా మాత్రను రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోవచ్చేమో ముందే డాక్టరుతో మాట్లాడండి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానానికి లేచేవాళ్ళు చీకట్లో గబుక్కున లేవకండి. క్యాప్సూల్ విప్పడం, మాత్ర నమలడం, విరవడం వద్దు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. వరసగా చాలా రోజులు మానేస్తే పాత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టకుండా అడగండి, టెరాజోసిన్ లాంటివి మళ్ళీ 1 మిల్లీగ్రాము నుంచి ఎక్కించాలి. 2015 డిసెంబరు వరదలప్పుడూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానప్పుడూ వేళచ్చేరి వైపు రోజుల తరబడి ఇల్లు దాటలేకపోయారు కాబట్టి అక్టోబరు మొదట్లోనే కనీసం పదిహేను రోజుల మాత్రలు అదనంగా తెచ్చిపెట్టుకోండి.

నీళ్ళు మానేయకండి. పగలు మామూలుగా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గిస్తే చాలు. సాయంత్రం ఫిల్టరు కాఫీ ఒకటి తగ్గినా రాత్రి లేవడం తగ్గుతుంది.

గ్రంథిని చిన్నది చేసే మందులు వేరే: ఫినాస్టరైడ్ 5 మిల్లీగ్రాములు, డ్యూటాస్టరైడ్ 0.5 మిల్లీగ్రాములు. వీటి ఫలితానికి ఆరు నెలలు పట్టొచ్చు, తొందరపడి ఆపవద్దు. కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, రొమ్ము నొప్పి, మనసు దిగులుగా ఉండటం కనిపిస్తే చెప్పండి. రొమ్ములో గడ్డ తగిలితే ఆలస్యం చేయవద్దు. ఇవి పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష) అంకెను దాదాపు సగానికి తగ్గిస్తాయి, అందుకే పరీక్ష చేయించినప్పుడల్లా ఈ మందు పేరు చెప్పాలి. గర్భిణులు విరిగిన ఫినాస్టరైడ్ మాత్రను, కారిన డ్యూటాస్టరైడ్ క్యాప్సూల్‌ను ముట్టుకోకూడదు. సిలోడోసిన్‌తో వీర్యం బయటికి రాకపోవడం మామూలే, హాని లేదు, ఆపితే సర్దుకుంటుంది. ప్రోస్టేట్‌కూ అంగస్తంభన సమస్యకూ ఇచ్చే టడలాఫిల్ వాడేవారు గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలతో దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే ఆల్ఫా బ్లాకర్ ఎప్పుడైనా, ఏళ్ళ క్రితమైనా వాడారని కంటి డాక్టరుకు చెప్పండి. ఆపరేషన్‌లో కనుపాప చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్) వదులుగా ఊగవచ్చు, ముందే తెలిస్తే దానికి తగ్గ ఏర్పాటు చేసుకుంటారు.

మూత్రం ఆగిపోతే ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి. పొత్తికడుపు బిగుసుకుని ఉబ్బుతుంది, ఎంత ముక్కినా రాదు, నొప్పి పెరుగుతూ పోతుంది. చుక్కలు చుక్కలుగా కారుతున్నా అది మూత్రం రావడం కాదు, నిండిన మూత్రాశయం పొంగుతున్నట్టు. తోసేస్తుందని ఇంకా నీళ్ళు తాగకండి, ఇంకో ప్రోస్టేట్ మాత్ర వేసుకోకండి. తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయండి, లేదా ఎమర్జెన్సీకి వెళ్ళండి. సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, స్టాన్లీ, కీళ్పాక్కం ప్రభుత్వాసుపత్రులు రాత్రంతా తెరిచే ఉంటాయి. వానలో నీళ్ళు నిలిచే వీధిలో ఉంటే ధార సన్నబడిన పూటే బయల్దేరడం మంచిది. అక్కడ గొట్టం పెట్టి మూత్రం తీస్తారు, నొప్పి నిమిషాల్లో తగ్గుతుంది. వెళ్ళేటప్పుడు ప్రోస్టేట్ స్ట్రిప్పుతో పాటు ఆ వారంలో వేసుకున్న జలుబు మాత్ర, దగ్గు సిరప్పు సీసా కూడా సంచిలో వేసుకెళ్ళండి.