యుద్ధంలో పోయిన మన ఊరి సిపాయి వివరాలు ఎలా వెతకాలి

"తాతగారి అన్న బర్మా యుద్ధంలో పోయాడట." కృష్ణా, గుంటూరు వైపు చాలా ఇళ్లలో మిగిలింది ఈ ఒక్క ముక్కే. దీన్ని పట్టుకుని ఇంటిపేరుతో వెతకడం మొదలుపెడితే దాదాపు ఏమీ దొరకదు. బ్రిటిష్ కాలపు పట్టీల్లో మనవాళ్లకు తరచుగా ఇంటిపేరే ఉండదు. పేరుకన్నా ముందు సంపాదించాల్సినవి సైనిక నంబరు, దళం.

అవి ముందు ఇంట్లోనే వెతకాలి. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ కాగితం, మనియార్డరు రసీదు, ఫొటో వెనక స్టూడియో ముద్ర, సైనికుల కోటాలో వచ్చిన డి-పట్టా, ఏదైనా పనికొస్తుంది. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మపు రిజిస్టరు కూడా చూడాలి. ఊళ్లో ఒక పేరు, పట్టీలో బాప్తిస్మపు పేరు ఉండే అవకాశం ఉంది. పాత కాగితాల్ని లామినేషన్ చేయించకండి, 600 డీపీఐలో రెండువైపులా స్కాన్ చేయిస్తే చాలు.

పతకం ఉంటే సగం పని అయినట్టే. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. పండక్కి ఇత్తడి సామానుతో కలిపి చింతపండుతో తోమారంటే ముందు అరిగేది ఆ అక్షరాలే. అంచు చుట్టూ పల్చటి కాగితం చుట్టి పెన్సిల్ పక్కవాటుగా రుద్దండి, అక్షరాలు తేలతాయి. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాకుండా కంచుదైతే, ఆయన తుపాకీ పట్టిన సిపాయి కాదు, లేబర్ కోర్‌లోనో (కూలి పనుల దళం) వంట, నీళ్లు, మోత పనుల్లోనో ఉండి ఉంటాడు. అప్పుడు పల్టన్లలో వెతికి లాభం లేదు.

తర్వాత కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లోని జాబితా. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ ఇది. ఇందులో 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు పోయినవాళ్లే ఉంటారు. ఇంటిపేరు గడిలో అసలు పేరే కొట్టి, రెండో గడి ఖాళీగా వదలండి. "ఇండియన్ ఆర్మీ" ఎంచుకోండి. వెంకయ్యను ఇంగ్లీషులో ఒక గుమాస్తా చివర "ఐఏహెచ్" అని రాస్తే, ఇంకొకడు "ఏవైవైఏ" అని రాశాడు, అన్నీ ప్రయత్నించాలి. అయినా దొరక్కపోతే అదనపు సమాచారం గడిలో ఊరి పేరు కొట్టండి. "ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, గుంటూరు" అన్న వరస చాలా ఎంట్రీల్లో ఉంటుంది. తండ్రి పేరు, భార్య పేరు రెండూ కలిస్తేనే మన మనిషి. ఒక్క పేరు కలిసిందని సంబరపడితే పరాయివాళ్ల తాతకు మనం తద్దినం పెట్టినట్టవుతుంది.

ఊళ్ల పేర్లు పాత లెక్కలో వెతకాలి: విజయవాడ అంటే బెజవాడ, ఏలూరు అంటే ఎల్లోర్, కృష్ణా అంటే కిస్ట్నా. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది కాబట్టి మొదటి యుద్ధంలో పోయిన భీమవరం మనిషి కిస్ట్నా కిందే కనబడతాడు. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాయే.

రికార్డులో "రంగూన్ మెమోరియల్" అని ఉంటే అక్కడ సమాధి ఉందని కాదు. సమాధి ఎక్కడుందో తెలియనివాళ్ల పేర్లు స్తంభాల మీద చెక్కారు. పక్కనున్న "ఫేస్" నంబరు ఆ స్తంభపు ముఖానిది. ఇరాక్‌లోని బస్రా మెమోరియల్ సంగతి ఇంకా ఘోరం: భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిల్ని అంకెగా వదిలేశారు. అక్కడ పోయినవాళ్ల పేర్లు రాతి మీద కాక జాబితాలోనే చూసుకోవాలి. అసలు జాబితాలోనే లేకపోతే, సర్వీసులో ఉన్నట్టు, ఆ తేదీల మధ్య పోయినట్టు రుజువులు చూపి చేర్చమని కమిషన్‌కు రాయొచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్లకు దారి తేలిక. ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్లో పేరు వెతకండి, అక్కడి త్యాగ చక్రంలో (పేర్లు చెక్కిన గుండ్రటి గోడలు) ఆయన రాయి ఎక్కడుందో తెలుస్తుంది. మిగతా వివరాలు దళం రికార్డు ఆఫీసులో ఉంటాయి: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, ఈఎంఈకి (సైన్యపు వాహనాలు, యంత్రాల మరమ్మతు దళం) సికింద్రాబాద్. నంబరు, బంధుత్వ రుజువు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. ఏ ఆఫీసుకు రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఊళ్లో శిలాఫలకం పెడుతుంటే పేరు, నంబరు, హోదా, దళం, తేదీ, చోటు వేయించండి. జబ్బుతో పోయినాయనకు "వీరమరణం" అని చెక్కించవద్దు, "సర్వీసులో మరణించారు" అంటే గౌరవానికేం లోటు లేదు. చీమకుర్తి గెలాక్సీ రాయి అందంగానే ఉంటుంది కానీ దాని మెరుపు చుక్కల్లో చిన్న అక్షరాలు కలిసిపోతాయి. మచ్చల్లేని నల్లరాయి తీసుకుని, అంగుళానికి తగ్గని అక్షరాలు పెట్టించండి. చెక్కేవాడికి నోటితో చెప్పకండి, ప్రింటు తీసిన కాగితం ఇచ్చి, రాయి మీద గీసిన నమూనాను దానితో అక్షరం అక్షరం సరిచూశాకే ఉలి పెట్టనివ్వండి. కింద నాలుగు వరసలు ఖాళీ ఉంచండి. రాయి నిలబెట్టాక పక్క వీధివాళ్లు ఇంకో పేరు పట్టుకొస్తారు.