వజ్రాల నగ కొనే ముందు చూసుకోవాల్సినవి

బేరం మొదలుపెట్టక ముందే ఇవి సరిచూసుకోండి.

• సర్టిఫికెట్ ఎవరిచ్చారు? షాపువాళ్లు సొంతంగా ముద్రించిన కార్డును నమ్ముకోవద్దు. వజ్రాలను పరీక్షించే జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్ రిపోర్టు అడగండి. దాని నంబరును ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో మీ ఫోన్‌లోనే కొట్టి చూడండి. రాయి అంచున లేజర్‌తో నంబరు చెక్కి ఉంటే భూతద్దంలో చూపించమనండి.

• హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు.

• సహజమైనదా, ల్యాబ్‌లో పెంచిందా? బిల్లు మీద రాయించుకోండి. కంటికి తేడా తెలియదు. షాపుల్లో వాడే పెన్నులాంటి మామూలు టెస్టర్ రెండింటినీ వజ్రమనే చూపిస్తుంది. ధరలో మాత్రం చాలా తేడా.

• కట్ (రాయిని కోసి సానపట్టిన తీరు) మీద రాజీ పడొద్దు, మెరుపంతా దానిదే. లోతు మరీ ఎక్కువగా కోసిన రాయిలో వెలుగు కిందికి జారిపోతుంది. బరువుకు డబ్బు కడతాం, పైనుంచి చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది! షాపు స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా తళతళలాడుతుంది. గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి.

• రంగుకు డి నుంచి జెడ్ వరకు గ్రేడ్లు. డి అంటే రంగే లేనిది. పసుపు బంగారంలో పొదిగాక జి, హెచ్ రాళ్లు కూడా తెల్లగానే అనిపిస్తాయి. ఈ, ఎఫ్ గ్రేడ్ల కోసం పట్టుబట్టక్కర్లేదని నా అభిప్రాయం.

• క్లారిటీని, అంటే రాయిలో మచ్చలు ఎంత తక్కువో, పది రెట్లు పెద్దగా చూపే లూప్‌తో చూసి నిర్ణయిస్తారు. వీఎస్ (చాలా చిన్న మచ్చలున్న గ్రేడు) స్థాయి మచ్చలు మామూలుగా కంటికి ఆనవు.

• వజ్రం బరువులో క్యారెట్ అంటే 0.2 గ్రాములు, 100 సెంట్లు. 50 సెంట్ల రాయి ఒకటి, 5 సెంట్లవి పది: బరువు ఒకటే, ధర ఒకటి కాదు. బంగారం తూకంలోంచి రాళ్ల బరువు తీసేశారా?

• బైబ్యాక్ (నగను షాపే తిరిగి కొనడం) షరతులు నోటిమాటగా వద్దు, రాతలో తీసుకోండి.