లిఫ్ట్ చేసిన బండికి స్టీరింగ్ అప్‌గ్రేడ్ ఎలా చేయాలి? ముందు కోణం, తర్వాతే బలం

బండిని 3, 4 అంగుళాలు ఎత్తి పెద్ద టైర్లు వేయించాక స్టీరింగ్ తీరే మారిపోతుంది. గుంతలో పడగానే స్టీరింగ్ దానంతటదే ఓ పక్కకి తిరుగుతుంది. తిన్నని రోడ్డు మీద కూడా గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. అప్పుడు చాలామంది చేసే పని, ఓ లావుపాటి టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు), ఓ కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) కొని బిగించేయడం. రాడ్డు ఇక వంగదు, నిజమే. రోగం మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ఎత్తు పెంచినప్పుడు చెడింది రాడ్డు కాదు, అది ఉన్న కోణం.

ఇక్కడ చెప్పేది ముందు వైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, ట్రాక్ బార్ (యాక్సిల్‌ను చాసిస్‌కు కట్టే అడ్డ రాడ్డు) ఉన్న బండ్ల గురించి. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ అయితే స్టీరింగ్ ర్యాక్, దాని టై రాడ్ల లెక్క వేరు.

ముందు ఆట (జాయింట్లలో వదులు) ఎక్కడుందో పట్టుకోండి

కొత్త సామాను కొనకముందు ఒక పూట దీనికే కేటాయించండి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. జాకీ మీద ఎత్తితే బరువు పోతుంది, అరిగిన జాయింట్‌లో ఆట దాక్కుంటుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్ చేసి, ఇంకొకరిని స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ చకచకా తిప్పమనండి. మీరు ఒక్కో జాయింట్ దగ్గరికీ వెళ్లి వేలు సగం బోల్టు మీద, సగం బ్రాకెట్ మీద ఆనించండి. కంటికి ఆనని కదలిక వేలికి తెలుస్తుంది. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్డు) రెండు చివరలు, ట్రాక్ బార్ రెండు చివరలు, స్టీరింగ్ బాక్సును చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, ఏదీ వదలొద్దు. చివరగా చక్రాన్ని జాకీ మీద ఎత్తి, బాల్ జాయింట్లూ వీల్ బేరింగూ చూడండి.

నా బండి ఒకప్పుడు 70 కిలోమీటర్ల వేగం దగ్గర ముందు భాగమంతా దడదడలాడేది. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, డ్యాంపర్ మార్చాను. కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. చివరికి దొరికిందేమిటంటే, ట్రాక్ బార్ బోల్టు వదులై, బ్రాకెట్‌లోని రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. డ్యాంపర్ ఆ వణుకును కప్పిపుచ్చిందంతే.

కోణం సరిచేయడం

డ్రాగ్ లింక్ అంటే స్టీరింగ్ బాక్సుకున్న పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు షాఫ్టుతో పాటు తిరిగే చిన్న చేయి) నుంచి అవతలి చక్రం వైపు వెళ్లే రాడ్డు. ట్రాక్ బార్ యాక్సిల్ పక్కలకు జారకుండా చాసిస్‌కు కట్టి ఉంచుతుంది. యాక్సిల్ పైకీ కిందికీ కదిలినప్పుడు ఈ రెండూ వంపుగా తిరుగుతాయి. రెండూ సమాంతరంగా, దాదాపు ఒకే పొడవులో ఉంటే రెండింటి వంపూ ఒకటే, స్టీరింగ్‌కు ఏమీ తెలియదు. తేడా వస్తే ప్రతి గుంతకూ స్టీరింగ్ కదులుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు.

ఇక్కడే ఎక్కువ మంది పొరపడతారు. బండి ఎత్తినప్పుడు రెండు రాడ్లూ కలిసే వాలతాయి, అంటే చాలాసార్లు సమాంతరంగానే ఉంటాయి. అప్పుడు డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (మామూలు దానికన్నా కిందికి దిగేది) వేసి ఒక్క డ్రాగ్ లింక్‌నే చదును చేస్తే, లేని జబ్బు తెచ్చుకున్నట్టే. 2, 2.5 అంగుళాల లిఫ్ట్‌కి అది సాధారణంగా అక్కర్లేదు. పైగా పొడవైన ఆర్మ్ బాక్సు షాఫ్టు మీద ఎక్కువ భారం వేస్తుంది.

ఎత్తు ఇంకా ఎక్కువైతే డ్రాగ్ లింక్‌ను నకిల్ (చక్రాన్ని పట్టి తిప్పే భాగం) కింద నుంచి కాకుండా పైనుంచి బిగిస్తారు, ఫ్లిప్ అంటారు దీన్ని. నాకు నచ్చిన దారి ఇదే, రాడ్డు రాళ్లకు తగలకుండా పైకి వెళ్లిపోతుంది కూడా. కానీ యాక్సిల్ మీద ట్రాక్ బార్ బ్రాకెట్ కూడా అంతే ఎత్తు పెంచాలి. నకిల్‌లోని రంధ్రం ఒక వైపుకే సన్నబడుతూ ఉంటుంది కాబట్టి రీమర్‌తో వెడల్పు చేసి టేపర్ స్లీవ్ వేయాలి. బ్రాకెట్ వెల్డింగ్ చేతిలో పనివాడితనం ఉన్నవాళ్లకే వదిలేయండి.

యాక్సిల్ మధ్యలో ఉందా? ఎత్తు పెంచితే ట్రాక్ బార్ దాన్ని ఓ పక్కకి లాగుతుంది. చాసిస్ నుంచి రెండు టైర్ల దాకా కొలిచి, అడ్జస్టబుల్ ట్రాక్ బార్‌తో సరిచేయండి.

విప్పడం, బిగించడం

పాత టై రాడ్ ఎండ్‌ను రెండు కొనల ఫోర్క్ పనిముట్టుతో ఊడపీకితే రబ్బరు బూటు చిరుగుతుంది. నట్టును పూర్తిగా తీయకుండా చివరి మరల దాకా వదులు చేసి, నకిల్ కన్ను పక్క భాగాన్ని సుత్తితో గట్టిగా రెండు మూడుసార్లు కొట్టండి. జాయింట్ టక్కున ఊడి నట్టు మీద ఆగుతుంది. పిట్‌మన్ ఆర్మ్‌కు మాత్రం పుల్లర్ తప్పదు. అది ఏ స్థానంలో ఉందో తీసేముందే గుర్తు పెట్టుకోండి.

కొత్త టై రాడ్ దళసరి గొట్టంతోనో, క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు)తోనో చేసింది తీసుకోండి. ఒక చివర కుడి మర, మరో చివర ఎడమ మర ఉంటుంది, అందుకే రాడ్డు తిప్పితే పొడవు మారుతుంది. ఎండ్లు రెండు వైపులా సమానంగా లోపలికి వెళ్లాలి. క్యాజిల్ నట్టును (పిన్ దూర్చే గాట్లున్న నట్టు) చెప్పిన టార్క్‌కు బిగించాక పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించండి. వెనక్కి తిప్పొద్దు. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను మాత్రం బండి తన బరువు మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి, లేకపోతే బుష్ మెలితిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

అలైన్‌మెంట్

ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు), తర్వాత స్టీరింగ్ మధ్యకి. టైర్ల మధ్య దూరాన్ని యాక్సిల్ ఎత్తులో ముందూ వెనకా కొలిచి, ముందు 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా టై రాడ్ తిప్పండి. మీ బండి మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించండి. స్టీరింగ్ వంకరగా ఉంటే డ్రాగ్ లింక్ తిప్పి సరిచేయాలి, స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి కాదు. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండిలో స్టీరింగ్ చక్రం తిన్నగా లేకపోతే కంప్యూటర్ బండి తిరుగుతోందనుకుని బ్రేకులతో జోక్యం చేసుకోవచ్చు.

క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) మర్చిపోతారు. ఎత్తు పెరిగితే అది తగ్గి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు. సాలిడ్ యాక్సిల్ బండ్లలో చాలావాటికి 4 నుంచి 6 డిగ్రీలు సరిపోతుంది. అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లతో పెంచొచ్చు, కానీ మరీ పెంచితే ముందు డ్రైవ్ షాఫ్ట్ కోణం పాడై వణుకు మొదలవుతుంది.

రోడ్డెక్కే ముందు

స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఒక చక్రాన్ని ర్యాంపు మీదకో బండరాయి మీదకో ఎక్కించి మళ్లీ తిప్పండి. టైరు దేనికీ రాసుకోకూడదు, బ్రేక్ గొట్టం బిగుసుకోకూడదు, రాడ్డు డిఫరెన్షియల్ కవరుకు తగలకూడదు. మొదట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. 100 కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టునూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. నేనైతే ప్రతి నట్టు నుంచి బ్రాకెట్ మీదకు తెల్ల పెయింట్‌తో ఓ గీత లాగుతాను. గీత విరిగినట్టు కనిపిస్తే ఆ నట్టు కదిలిందన్నమాట.