వసంతంలో ఆకుకూరలు కోయాలంటే శరదృతువులో ఎలా విత్తాలి?

నీరు గడ్డకట్టేంత చలి పడే ప్రాంతాల్లో వసంతం మొదట్లోనే ఆకుకూరలు కోతకు రావాలంటే, వాటి విత్తనం అంతకుముందే మడిలో పడి ఉండాలి. చలికాలమంతా నేలలో వేరు నిలుపుకున్న మొక్క పగటి పొద్దు పెరగగానే చిగురు తొడుగుతుంది. వసంతంలో విత్తిన మొక్క అప్పటికి ఇంకా రెండాకుల మీదే ఉంటుంది. పాలకూర, కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర), ఆకులు గుండ్రంగా ముడుచుకోని వదులు క్యాబేజీ, చలికి ఓర్చే లెట్యూస్ (సలాడ్ ఆకు) రకాలు ఇందుకు తగినవి. తోటకూర, బచ్చలి వేడిని కోరే పంటలు కనుక వాటిని ఎంచుకోకూడదు.

ముందుగా విత్తనం సంపాదించాలి

నా దృష్టిలో ఈ సాగులో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఎక్కువమంది వసంతంలోనే తోట వేస్తారు కాబట్టి దుకాణాలకు కొత్త విత్తనం అప్పుడే వస్తుంది, శరదృతువు నాటికి వేసవి వేడికి అరల్లో మగ్గిన ప్యాకెట్లే మిగులుతాయి. అందుచేత కావలసిన విత్తనాలను వేసవి మొదలయ్యేలోగా కొని, మూత బిగుతుగా ఉండే సీసాలో, చల్లని పొడి చోట దాచుకోవాలి. విత్తనంలో తేమ 1 శాతం తగ్గినా, దాచిన చోటు 5 డిగ్రీలు చల్లబడినా దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది.

ప్యాకెట్ మీద బొమ్మ కన్నా రకం పేరు, పరీక్షించిన తేదీ, మొలక శాతం ముఖ్యం. చలిని తట్టుకోవడం, ఆలస్యంగా పూతకు రావడం అనే రెండు గుణాలు రాసి ఉన్న రకాన్నే తీసుకోవాలి, ఎందుకంటే ఒకే లెట్యూస్‌లో వేసవికి పనికొచ్చే రకం మంచుకు మాడిపోవచ్చు. మళ్లీ మళ్లీ విత్తనం కట్టుకోవాలనుకునేవారు హైబ్రిడ్‌కు బదులు సూటి రకాలను, అంటే తల్లి మొక్క గుణాలే పిల్ల మొక్కలకూ వచ్చేవాటిని ఎంచుకోవాలి.

ఇంట్లో పాత ప్యాకెట్లు ఉంటే పారవేయకుండా మొలక పరీక్ష చేయాలి. తడిపి పిండిన కాగితపు రుమాలు మీద 20 గింజలను ఒకదానికొకటి తగలకుండా పరిచి, మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండ తగలని చల్లని చోట ఉంచి, తడి ఆరకుండా చూస్తూ 7 నుంచి 10 రోజుల తరువాత విప్పి చూస్తే, గింజ చివర తెల్లని వేరు మొన బయటకు వచ్చినవే మొలిచినట్టు లెక్క. 16 మొలిస్తే మామూలుగా విత్తవచ్చు, 10 మాత్రమే మొలిస్తే రెట్టింపు ఒత్తుగా విత్తాలి, అంతకన్నా బాగా తగ్గితే కొత్త విత్తనం వెతుక్కోవడమే మంచిది. క్యాబేజీ జాతి విత్తనం జాగ్రత్తగా దాస్తే నాలుగైదేళ్లు నిలుస్తుంది, పాలకూర విత్తనం అంతకాలం నమ్మదగినది కాదు.

విత్తే వేళ

తొలి మంచుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు పాలకూర, లెట్యూస్ విత్తాలి. క్యాబేజీ, కేల్ నారు ఇంకా ముందే, వేసవి చివరలో పోయాలి. పగలు 10 గంటల కన్నా తగ్గాక ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది కనుక, ఆలోగా మొక్కకు నాలుగైదు నిజమైన ఆకులు (మొలకతో వచ్చే తొలి రెండాకుల తరువాతవి) రావాలి. అలాగని మరీ ముందుగా విత్తినా నష్టమే: కాండం పెన్సిలంత లావైన క్యాబేజీ మొక్క కొన్ని వారాలు చలిలో ఉంటే, వసంతంలో ఆకుకు బదులు పూకాడ వేస్తుంది.

ఆ వేళకు నేల ఇంకా వేడిగా ఉండవచ్చు. 30 డిగ్రీలకు చేరువైన నేలలో లెట్యూస్ గింజ మొలవకుండా నిద్రాణంగా ఉండిపోతుంది. మడిని సాయంత్రం తడిపి, విత్తి, పగలు నీడ కల్పిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. లెట్యూస్ మొలకకు వెలుతురు మేలు చేస్తుంది, కాబట్టి గింజ మీద మట్టి పలుచగా చల్లితే చాలు. పాలకూర గింజను ఒక సెంటీమీటరు లోతున వేయాలి.

చలికాలం, ఆపైన

విత్తే ముందు చివికిన కంపోస్టు కలపాలి గాని, నత్రజని ఎక్కువగా వేయకూడదు, ఎందుకంటే మెత్తగా ఏపుగా పెరిగిన ఆకు మంచుకు త్వరగా దెబ్బతింటుంది. చలి ముదిరాక మడిపై పలుచని గుడ్డ కప్పాలి, నీరు నిలవనీయకూడదు, ఆకుల కింద నత్తల కోసం వెతుకుతుండాలి. నత్రజని ఎరువుకు సరైన సమయం వసంతంలో కొత్త చిగురు కనిపించినప్పుడు.

కోసేటప్పుడు బయటి ఆకులను తీసి నడి మొవ్వను వదిలితే మళ్లీ ఆకు వేస్తుంది. పగలు పొడవయ్యే కొద్దీ పాలకూర పూతకు వస్తుంది. పూకాడ కనిపించగానే మొక్క మొత్తాన్ని కోసెయ్యాలి. విత్తనం కోసం మాత్రం అన్నిటికన్నా ముందు పూసినవాటిని కాకుండా, చలిని దాటి చివరిదాకా ఆకు ఇచ్చిన మొక్కలను వదలాలి. లెట్యూస్ తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది కాబట్టి కొద్ది మొక్కలున్నా సరిపోతుంది. పాలకూరలో ఆడ, మగ మొక్కలు వేరుగా ఉంటాయి గనుక ఒక గుంపునే వదలవలసి ఉంటుంది.