ఎలక్ట్రిక్ బైక్‌తో స్పీడ్ రన్‌కు దిగేముందు

పరీక్షలు అయిపోయి ఎండాకాలం వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట కాలేజీల ప్రాజెక్టు బండ్లు షెడ్లలోంచి బయటికొస్తాయి. కంట్రోలర్ (మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే పెట్టె) మార్చి, బ్యాటరీ పెంచి, "ఇగ ఎంత పోతదో చూద్దాం" అంటారు. ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం. మన పిల్లలు కట్టిన బండి రికార్డు సాధించాలని నిజంగా కోరుకుంటున్నాను. అందుకే ఈ జాగ్రత్తలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బండి ఎంత వేగం పోతుందన్నది తర్వాతి సంగతి. ఎక్కడ ఆగుతుందో ముందు లెక్క కట్టండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఓ మోస్తరుగా బ్రేకు వేస్తే, మనిషి తేరుకునే సెకనున్నర కలుపుకొని, సుమారు 120 మీటర్లలో ఆగుతుంది. వేగం 200 చేస్తే ఆగే దూరం రెట్టింపు కాదు, దాదాపు 400 మీటర్లు అవుతుంది. ఆ వేగం అందుకోవడానికి అర కిలోమీటరు, కొలిచే దూరం ఒక కిలోమీటరు, ఆగడానికి ఈ 400. అంటే రెండు కిలోమీటర్ల తిన్నని దారి కూడా బొటాబొటిగానే సరిపోతుంది. బ్రేకు ఫెయిలైతే వెసులుబాటు ఏమీ మిగలదు. 2021 నవంబరులో ఇటలీ రేసర్ మ్యాక్స్ బియాజీ, వోక్సాన్ కంపెనీ ఎలక్ట్రిక్ బైక్ వాట్‌మన్ మీద 455 కిలోమీటర్ల వేగం దాటినప్పుడు పరుగెత్తింది అమెరికాలో, స్పేస్ షటిళ్లు దిగిన నాలుగున్నర కిలోమీటర్ల రన్‌వే మీద. అంత చోటు దొరికాకే అంత వేగం.

మన దగ్గర చోటు అనగానే రింగు రోడ్డు, 163వ నంబరు జాతీయ రహదారి గుర్తొస్తాయి. వద్దు. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు రోడ్ల మీద ఆరబోస్తారు. వడ్లు కుప్పచేసి ఎత్తుకుపోయినా తారు మీద మిగిలిన గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. అంచుకు పెట్టిన రాళ్లు అక్కడే ఉంటాయి. బర్రెలు ఏ పక్కనుంచి దిగుతాయో తెలియదు. పైగా ఎలక్ట్రిక్ బండికి చప్పుడు తక్కువ, వడ్లు ఆరబోస్తున్న పెద్దమ్మకు మీరు వస్తున్న సంగతి వినబడదు. రైతుకు ఆ రోడ్డు మీదే కల్లం, మనం అక్కడికి పోకూడదు.

చట్టం కూడా ఒప్పుకోదు. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగ పరీక్ష పెడితే, మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మామునూరు పాత ఏర్‌స్ట్రిప్ కంటికి ఆశపెడుతుంది కానీ అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ భూమి, గోడ దూకి పోయే చోటు కాదు. మూసిన ట్రాక్, దాని యజమాని కాగితం, ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసులను చూసుకునే సమాఖ్య) లైసెన్సు చూసుకున్నాకే తేదీ పెట్టుకోండి.

రికార్డు నిబంధన ఒకటి బ్యాటరీకి పెద్ద పరీక్ష. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఒక్క పరుగును లెక్కలోకి తీసుకోదు. గాలి సాయం చెల్లిపోవాలని రెండు గంటల్లోపు ఎదురు దిక్కులో ఇంకోసారి పరుగెత్తించి సగటు తీస్తుంది. మొదటి పరుగులో వేడెక్కిన బ్యాటరీతోనే రెండోది పోవాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లు, ఆ కరెంటంతా సెల్స్‌ను కాలుస్తుంది. చాలా లిథియం సెల్స్‌కు డిశ్చార్జిలో 60 డిగ్రీలు, చార్జింగులో 45 డిగ్రీలు హద్దు. రామగుండంలో నీడలోనే 45 దాటే రోజులుంటాయి, అంటే బండి కదలకముందే హద్దు దగ్గరికొచ్చినట్టు. వోక్సాన్ వాళ్లు చల్లబరచడానికి డ్రై ఐస్ పెట్టారు. మీరూ వాడదలిస్తే మూసిన గదిలోనో, కారులోనో ఉంచొద్దు, ఊపిరాడదు.

కాబట్టి పరుగు పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ముగించండి, అప్పుడు గాలి కూడా తక్కువ. సెల్ ఉష్ణోగ్రత ఎంతకు చేరితే ఆపాలో ముందురోజే కాగితం మీద రాసి, ఆపే అధికారం బండి నడపని మనిషికి ఇవ్వండి. నడిపేవాడు "ఇంకొక్కసారి" అంటాడు, అది మనిషి గుణం. వేడి బ్యాటరీకి తొందరపడి చార్జింగ్ పెట్టొద్దు.

చాలామంది మరిచే సంగతి ఇంకోటుంది. బ్యాటరీ నిండా ఉన్నప్పుడు రీజెన్ బ్రేకింగ్ (మోటారే బండిని ఆపుతూ ఆ కరెంటును బ్యాటరీకి తిరిగి పంపడం) సరిగా పనిచేయదు, తీసుకోవడానికి అందులో జాగా ఉండదు. సగం చార్జిలో ప్రాక్టీసు చేసినప్పుడు యాక్సిలరేటర్ వదలగానే ఆగిన బండి, అసలు రోజు నిండు చార్జితో జారుకుంటూ పోతుంది. ఆగే దూరం డిస్కు బ్రేకుల మీదే లెక్క కట్టండి.

నడిపేవారి మణికట్టుకు తాడు కట్టి కిల్ స్విచ్‌కు (బండిని వెంటనే ఆపేసే మీటకు) కలపండి. పడిపోతే అది కంట్రోలర్ సిగ్నల్‌ను మాత్రమే కాదు, బ్యాటరీ కరెంటును కలిపే పెద్ద స్విచ్‌ను, అంటే మెయిన్ కాంటాక్టర్‌నే తెంచాలి. 60 వోల్టులు దాటిన డీసీని 230 వోల్టుల ఇంటి కరెంటంత భయంతో చూడండి. స్విచ్ ఆపినా కంట్రోలర్ కెపాసిటర్లలో చార్జి ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగి మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

టైరు మీద అక్షరం చూడండి: పీ అంటే 150, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210 కిలోమీటర్ల దాకా. పీ టైరుతో 200కు పోవాలనుకునేవారిని బండి ఎక్కనివ్వకండి.

తోలు సూట్, వీపు కవచం, ఫుల్‌ఫేస్ హెల్మెట్ తప్పనిసరి. కానీ మే ఎండలో ఆ సూట్‌లో పావుగంట నిలబడితే వడదెబ్బే. చివరి నిమిషంలో వేసుకొని, దిగగానే విప్పి ఓఆర్‌ఎస్ తాగాలి. అంబులెన్స్ అక్కడే ఉండాలి, అది ఎవరినైనా ఎక్కించుకొని వెళ్లిందంటే తిరిగొచ్చేదాకా బండి కదలకూడదు.

మంటలొస్తే చిన్న పౌడర్ సిలిండర్ సెల్స్‌ను చల్లార్చదు, నీళ్ల ట్యాంకరు కావాలి. పొగ విషం, గాలి వచ్చే వైపు నిలబడండి. ఆరిపోయిన బ్యాటరీ గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. ఏమీ జరగకపోయినా ఆ రాత్రి బండిని హాస్టల్ గదిలోకో, ఇంట్లోకో తేవద్దు. గోడలకు, గడ్డివాములకు దూరంగా ఆరుబయట పెట్టి, పొద్దున సెల్ ఓల్టేజీలు, వేడి చూశాకే లోపలికి తీసుకురండి.