కొత్త కోళ్లను మందలో కలిపే ముందు

కొన్న కోడిని తెచ్చిన రోజే పాతవాటిలో వదలొద్దు. కనీసం 30 రోజులు వేరే గూట్లో, దూరంగా ఉంచండి. మధ్యలో జాలి ఒక్కటే అడ్డుంటే చాలదు, తుమ్మినప్పుడు ఎగిరే తుంపరలు దాన్ని దాటేస్తాయి.

- మేత, నీళ్లు ముందు పాత మందకు, ఆఖరున కొత్తవాటికి. చెప్పులు, చీపురు, నీళ్ల పళ్లేలు వేరు.

- రాత్రి కోళ్లు సద్దుమణిగాక గూటి పక్కన రెండు నిమిషాలు నిలబడి వినండి. పగటి గోలలో తెలియని గురక అప్పుడు వినబడుతుంది. కంటి మూలల్లో నురగ ఉందేమో, రెక్క ఈకలకు చీమిడి అంటిందేమో చూడండి. కోడి ముక్కు అక్కడే తుడుచుకుంటుంది. ముఖం వాచి ముక్కు నుంచి దుర్వాసన వస్తే కొరైజా అనే అంటు జలుబు రోగాన్ని అనుమానించాలి.

- మందు వేస్తే తగ్గిందని కలపొద్దు, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మైకోప్లాస్మా అనే శ్వాసరోగ క్రిమి సోకిన కోడి తేరుకున్నా దాన్ని మోస్తూనే ఉంటుంది. గుడ్డు ద్వారా పిల్లకూ పోతుంది కాబట్టి ఆ గుడ్లు పొదగేయకండి.

- బ్లీచింగ్ నీళ్లు చల్లే ముందు రెట్ట గీకి, సబ్బునీళ్లతో కడగండి. మురికి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చైపోతుంది.

- వరసగా చనిపోతున్నా, మెడలు మెలి తిరుగుతున్నా కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూనో కావచ్చు. కోయకుండా, అమ్మకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి.