వైకల్యం ఉన్న యువత వైద్యరంగంలో ప్రవేశించే ముందు

వైద్యరంగమంటే డాక్టరు, నర్సు ఉద్యోగాలే కావు; ల్యాబ్, ఫార్మసీ, రేడియాలజీ, కౌన్సెలింగ్ వంటి విభాగాలను కూడా పరిశీలించి, ఒక్కొక్క పనిలో చేతులకు, కళ్లకు, చెవులకు, కాళ్లకు ఎంత పని పడుతుందో రాసుకోండి. వినికిడి లోపం ఉన్నవారికి గుండె చప్పుడును పెద్దది చేసి వినిపించే, తెరపై గీతగా చూపించే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులు ఉన్నాయి. పెదవుల కదలిక కనిపించే పారదర్శకమైన మాస్కులూ ఉన్నాయి.

కోర్సులో చేరకముందే మీకు కావలసిన సర్దుబాట్లను, అంటే మీ వైకల్యానికి తగ్గట్టు చేయాల్సిన మార్పులను, లిఖితపూర్వకంగా అడిగి, సమాధానాన్ని కూడా లిఖితపూర్వకంగానే తీసుకోండి. నోటిమాటను నమ్ముకోవద్దని నేను గట్టిగా చెబుతాను. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణం, పనిచేసే చోట సముచితమైన సర్దుబాట్లు కల్పించాలని చెబుతోంది.

ప్రాక్టికల్ శిక్షణ మొదలవక ముందే వార్డుకు వెళ్లి, మంచానికీ గోడకూ మధ్య చక్రాల కుర్చీ తిరుగుతుందో లేదో, చేతులు కడుక్కునే కుళాయి కూర్చున్నచోటి నుంచి అందుతుందో లేదో స్వయంగా చూసుకోండి.